వీధి వైపు తీగె

సంచి మూతి విప్పగానే ఆయన ముందు చీటీ తెంపుతాడు. వార్డు నంబరు, మంచం నంబరు రాసిన చిన్న కాగితం అది. దారంతో సంచి చెవికి కట్టి ఉంటుంది. తెంపి, చదవకుండా, కాలి దగ్గరున్న రేకు డబ్బాలో పడేస్తాడు. ఆ తర్వాతే సంచిలోని మాసిన దుప్పట్లు బోర్లిస్తాడు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఇదే వరుస. చీటీ ఉన్నంతసేపు ఆ దుప్పటి ఒక మనిషిది. చీటీ పోయాక ఆసుపత్రిది.

ఈ పద్ధతి పాత మేస్త్రీ నేర్పాడు. "మరకను చూడు, మనిషిని చూడకు. రక్తానికి చన్నీళ్లు, తక్కినవాటికి వేన్నీళ్లు. మనకు ఇంతకుమించి తెలియక్కర్లేదురా" అన్నాడు మొదటిరోజు. మేస్త్రీ పోయి చాలాకాలమైంది. మాట మిగిలింది.

బోర్లించిన గుట్టలోంచి రక్తం తగిలినవి ఎడమ బండిలోకి పోతాయి, తడిసినవి మధ్య బండిలోకి, ఉత్త మురికివి కుడి బండిలోకి. ఆయన మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుంటాడు. గది ఆసుపత్రి అడుగు అంతస్తులో ఉంది. ఉన్న ఒక్క కిటికీ పైకప్పును ఆనుకుని ఉంటుంది. అందులోంచి దారిన పోయేవాళ్ల కాళ్లు మాత్రమే కనిపిస్తాయి. ఏ చెప్పులు ఎన్నింటికి పోతాయో ఆయన చెప్పగలడు. ముఖాలు తెలియవు.

ఈ ఉదయం మధ్య బండి దగ్గర ఆయన చెయ్యి రెండుసార్లు ఆగింది.

ఐదున్నరకు ఆయన ఇంట్లో గుమ్మం మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటుంటే కూతురు తడి దుప్పటితో బయటికి వచ్చింది. రాత్రి మనవరాలు పక్క తడిపింది. ఏడేళ్ల పిల్ల. తల్లి వెనకే కళ్లు నులుముకుంటూ వచ్చి నిలబడింది. కూతురు దుప్పటిని ఇంటి ముందు, వీధి వైపున్న తీగె మీద వేసి కొసలు సరిచేసింది.

"వెనక కూడా తీగె ఉందమ్మా" అన్నాడాయన.

"ఎండ ఇటే కదా నాన్నా వచ్చేది."

"నలుగురూ చూస్తారేమో."

"చూస్తే ఏముంది? తడిసింది, ఆరుతుంది." కూతురు పాప వైపు తిరిగింది. "అంతే కదే?"

"అంతే" అంది పాప, ఆవలిస్తూ. ఆ మాట వాళ్లిద్దరి మధ్య చాలా రోజులుగా నలుగుతున్నదని వింటేనే తెలుస్తుంది.

ఆయన బూటు తాడు రెండోసారి ముడి వేయాల్సి వచ్చింది.

సాయంత్రం ఐదింటికి కూతురి బస్సు. ఈలోగా ఆమెకు ఒక సంగతి చెప్పాలి. ఇరవై అయిదేళ్లుగా ఆ మాట నాలుక చివరి దాకా వచ్చి వెనక్కి పోతోంది. కూతురు ఏడాదికొకసారి వస్తుంది, అదీ నాలుగు రోజులే. ఈ నాలుగు రోజుల్లో మూడు అయిపోయాయి. మొదటిరోజు ఆమె అలిసిపోయి ఉందని చెప్పలేదు. రెండోరోజు పాప పక్కనే ఉందని చెప్పలేదు. మూడోరోజుకు సాకు కూడా దొరకలేదు. అయినా చెప్పలేదు.

ఎనిమిదింటికి దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలరు వేడెక్కింది. మడత బల్ల దగ్గర ఆయనకు జోడీ ఒకామె. ఆమెను గదిలో అందరూ రేడియో అంటారు. పొద్దున మొదలైతే షిఫ్టు ముగిసేదాకా ఆగదు. ఆమె ఆయన్ని దుప్పటి మాస్టారు అంటుంది. మూలలు కలవకపోతే విప్పి మళ్లీ మడవమంటాడని పెట్టిన పేరు.

దుప్పటి మడవడానికి ఇద్దరు కావాలి. చెరో రెండు కొసలు పట్టుకుని వెనక్కి లాగాలి, ఎదురెదురుగా నడవాలి, ఒకరి కొసలు ఒకరికి అందించాలి, మళ్లీ వెనక్కి పోవాలి. వాళ్లిద్దరూ రోజుకు కొన్ని వందలసార్లు ఇలా ఎదురవుతారు. పన్నెండేళ్లలో ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

"ఏంటి మాస్టారూ, ఇవాళ మీ మూలలు నా మూలలకన్నా అన్యాయంగా ఉన్నాయి?" అంది రేడియో.

"అమ్మాయి సాయంత్రం వెళ్తోంది."

"వెళ్తే మళ్లీ రాదా? మా అమ్మాయిని చూడండి, పొమ్మన్నా పోదు. అల్లుణ్ణి కూడా నేనే పెంచుతున్నా."

ఆయన నవ్వాడు. మూలలు ఈసారీ కలవలేదు.

రేడియో నోట్లో నువ్వుగింజ నానదు. తన ఇంటి సంగతులు, పక్కింటి సంగతులు అన్నీ ఈ బల్ల మీద పరుస్తుంది. కానీ ఏ వార్డు దుప్పటి ఎలా వచ్చిందో ఆమె బయట ఒక్క ముక్క అనగా ఎవరూ వినలేదు. ఒకసారి పైనుంచి ఒక గుమాస్తా దిగివచ్చి, ఫలానా పెద్దమనిషి పక్క ఎలా ఉందని నవ్వుతూ అడిగాడు. "దుప్పటికి ముఖం ఉండదు బాబూ" అని మడత అందుకుంది. ఆయనకు ఆ రోజు ఆమె ముఖం చూడటానికి సిగ్గేసింది. ఆ గుమాస్తా ఇంకెక్కడైనా, ఇంకెవరినైనా అడిగి ఉంటే జవాబు దొరికేది. ఆయన అలా జవాబిచ్చినవాడే.

పదింటికి టీ. కప్పు పెదాల దగ్గర ఉండగా ఫోను మోగింది. పాస్టరుగారు. కొత్తగా వచ్చిన కుర్రాయన. ఇదే సంఘంలో పుట్టి పెరిగాడు.

"అంకుల్, వందనాలండీ. ఆదివారం సంగతి గుర్తుందిగా? తల్లిదండ్రుల కూటంలో మీవి పది నిమిషాలు."

"గుర్తుందయ్యగారూ."

"మీరు రాసిచ్చే కాగితం సాయంత్రానికి అందితే పత్రికలో కూడా వేసేస్తాం. అమ్మాయిగారి సాక్ష్యం తప్పకుండా చెప్పాలి. నా చిన్నప్పుడు మా క్లాసులో టీచరు చెబితే విన్నా. పిల్లల్ని విశ్వాసంలో ఎలా పెంచాలంటే మాకు మీ ఇల్లే కదండీ."

"అలాగేనండీ" అన్నాడాయన. అలాగేనండీ అనడం ఆయనకు అలవాటు. పోయినవారం కూడా అలాగే అన్నాడు కాబట్టే ఈ ఫోను వచ్చింది. కాగితం చొక్కా జేబులో ఉంది. పైన 'పిల్లల పెంపకం' అని రాసి కింద గీత గీశాడు. గీత కింద ఏమీ లేదు.

"పాస్టరుగారా?" అంది రేడియో. "చూశారా, మిమ్మల్ని గుళ్లో చెప్పమంటున్నారు. నా పెంపకం గురించి ఎవరైనా అడిగితే నేను పోలీసు స్టేషన్లో చెప్పాలి."

ఆయన టీ చల్లారింది.

పిల్లల పెంపకం అంటే ఆయన ఇంట్లో గడియారం లెక్క. ఇద్దరు కొడుకులు, తర్వాత కూతురు. రాత్రి భోజనానికి ముందు ఒక్కొక్కరు ఒక బైబిలు వాక్యం అప్పజెప్పాలి. అప్పజెప్పేదాకా కంచం బోర్లించి ఉంటుంది. కొడుకులు గుక్క తిప్పుకోకుండా చెప్పి కంచాలు తిప్పుకునేవారు. కూతురికి మాత్రం గ్రంథం మొత్తంలో అతి చిన్న వాక్యం ఎక్కడుందో తెలుసు. వారానికి ఒకసారి దాంతో గట్టెక్కేది. ఆయన కోపం నటించేవాడు, కంచం తిప్పేవాడు. వంటింట్లో భార్య నవ్వు వినిపించేది.

కానీ ప్రార్థన చెయ్యమంటే ముగ్గురిలో కూతురే. కళ్లు మూసుకుని, పక్కింటి ముసలామె పంటినొప్పి దగ్గర మొదలుపెట్టి, పిల్లి కుంటికాలు దాకా ఒక్కొక్కటీ దేవుడికి విడమరిచి చెప్పేది. పిల్లి ఏ కాలు కుంటుతుందో కూడా చెప్పేది, దేవుడు పొరపాటున మంచి కాలు బాగుచేస్తాడేమోనని. ఇళ్లలో కూటాలు జరిగితే పెద్దవాళ్లు ఆమె వంతు కోసం కాచుకునేవారు.

తొమ్మిదో ఏట ఆ పిల్ల పక్క తడపడం మొదలైంది. తల్లికే చెప్పుకుంది. "నాన్నకు చెప్పకమ్మా" అంది. తల్లి నాలుగు నెలలు కడుపులో దాచుకుని, ఒక రాత్రి ఉండబట్టలేక భర్తకు చెప్పింది. చెప్పి, "ఎక్కడా అనకండి" అంది.

ఆసుపత్రిలో పనిచేస్తూ డాక్టరును అడగాలని ఆయనకు తోచకపోలేదు. అడిగితే తోటివాళ్లకు తెలుస్తుందని మానుకున్నాడు. మందిరం తలుపు పక్కన ప్రార్థన చీటీల పెట్టె ఉండేది. ఆదివారం ఆ చీటీలను పైకి చదివి సంఘమంతా ప్రార్థించేవారు. అప్పటి పాస్టరుగారు ఒకటే మాట చెప్పేవారు: చీటీ స్పష్టంగా రాయండి, మూటగట్టి ఇస్తే మేమేం విప్పగలం? ఆయన స్పష్టంగా రాశాడు. పిల్ల పేరు, వయసు, ఎన్ని నెలల నుంచి, వారానికి ఎన్ని రాత్రులు. ఏ ప్రార్థనకైనా వివరం కావాలి కదా అనుకున్నాడు. పైకి చదువుతారని తెలియదనడానికి లేదు. తెలుసు. సంఘం అంటే బయటివాళ్లు కాదనుకున్నాడు.

పాస్టరుగారిది పెద్ద గొంతు. పిల్ల మూడో వరసలో స్నేహితురాళ్ల మధ్య కూర్చుని ఉంది. చీటీ చదవడం పూర్తయ్యేసరికి ఆ పిల్లకు అటూ ఇటూ బల్ల మీద జానెడు జానెడు ఖాళీ వచ్చింది.

తర్వాతి ఆదివారానికి పిల్లల క్లాసులో ఆమెకు 'జలప్రళయం' అని పేరు పడింది. ఆమె వచ్చి కూర్చోగానే ఒకడు "ఓడెక్కండర్రా" అనేవాడు. తక్కినవాళ్లు కాళ్లు బల్ల మీదికి ముడుచుకునేవారు. అంత చక్కగా పాఠం ఒంటబట్టినందుకు టీచరు కూడా మొదటిసారి నవ్విందట.

చీటీ చదివిన రోజు ఇంటికి రాగానే పిల్ల తల్లి ముందు నిలబడింది. ఏడవలేదు. "నీకొక్కదానికే కదమ్మా చెప్పాను" అంది.

తల్లి భర్త వైపు చూసింది. ఆయన గోడవైపు తిరిగి బూట్లు విప్పుకుంటున్నాడు. తాడు ముడిపడింది. ఆ ముడి విప్పడానికి ఎంతసేపు పట్టాలో అంతకన్నా ఎక్కువసేపు పట్టింది.

"అవునే, తప్పయిపోయింది" అంది తల్లి.

అంతే. పిల్ల లోపలికి పోయింది. రాత్రి పడుకున్నాక ఆయన, "నువ్వెందుకు మీద వేసుకున్నావు?" అన్నాడు. భార్య పైకప్పు వైపు చూస్తూ చెప్పింది. "మీ మీద కోపమొస్తే అది దేవుడి దాకా పోతుంది. ప్రార్థన నేర్పింది మీరు కదా. నా మీదైతే వంటింట్లోనే ఆగిపోతుంది. నాలుగు రోజులు పోతే అదే చల్లారుతుంది."

ఆయనకు ఆ మాట సబబుగా తోచింది. సబబుగా తోచినందుకు ఆయన ఇప్పటికీ తలవంచుకుంటాడు.

మూడు వారాలకు పిల్ల పక్క పొడిగా ఉండటం మొదలైంది. రోజూ పొడిగానే. ఆయన ఆదివారం సంఘంలో లేచి సాక్ష్యం చెప్పాడు. దేవుడు మా అమ్మాయికి విడుదల ఇచ్చాడు అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. కొందరు తల్లులు కళ్లొత్తుకున్నారు. పిల్ల బూట్ల వైపు చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత నెలకు, ఒక తెల్లవారుజామున డ్యూటీకి బయలుదేరి, సందు మలుపు దాకా పోయి, టోపీ మరిచిపోయానని వెనక్కి వచ్చాడు. టోపీ వంటింటి తలుపు వెనక మేకుకు ఉంటుంది. తలుపు తోసి చూస్తే పిల్ల వంటింట్లో సిమెంటు నేల మీద, గోనెసంచి పరుచుకుని, ముడుచుకుని పడుకుని ఉంది. పక్కన నేల తుడిచే గుడ్డ, బకెట్టులో నీళ్లు. కాస్త దూరంగా, తడి తగలనంత దూరంగా, ఆమె దుప్పటి నాలుగు మడతలు పెట్టి ఉంది. మూలలు కలిశాయి. ఆసుపత్రి మడత. సెలవురోజు సరదాగా ఆయనే నేర్పాడు.

ఆయన టోపీ తీసుకున్నాడు. తలుపు చప్పుడు కాకుండా మూశాడు. డ్యూటీకి వెళ్లాడు. అప్పటికే సాక్ష్యం చెప్పేశాడు కదా.

పన్నెండేళ్లు వచ్చేసరికి అది దానంతటదే పోయింది. పైకి ప్రార్థన చెయ్యడం అంతకుముందే పోయింది. వాక్యం అప్పజెప్పమంటే అప్పజెప్పేది. ప్రార్థన చెయ్యమంటే తలవంచుకుని ఊరుకునేది. కాసేపయ్యాక ఆమెన్ అనేది. తల్లితో మాటలు కావలసినంతవరకే. జడ తనే వేసుకునేది. జ్వరమొచ్చినా తల్లిని లేపేది కాదు. కోపం వంటింట్లోనే ఆగింది, భార్య చెప్పినట్టే. చల్లారడం మాత్రం జరగలేదు.

రెండేళ్ల కిందట భార్య ఇదే ఆసుపత్రిలో, మూడో అంతస్తులో పోయింది. కూతురు వచ్చి పదకొండు రోజులు కూర్చుంది. ఒళ్లు తుడిచింది, మందులు పట్టింది, ఏ లోటూ చెయ్యలేదు. చివరి రోజుల్లో ఒక సాయంత్రం తల్లి, "ఒక్కసారి పైకి ప్రార్థన చెయ్యవే, వింటా" అంది. "లోపల చేస్తున్నానమ్మా" అంది కూతురు. ఆయన మంచం కాళ్ల వైపు నిలబడి ఉన్నాడు. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. నీళ్లు తాగడానికి బయటికి పోయాడు.

ఆమె పోయిన మర్నాడు మూడో అంతస్తు సంచులు ఎప్పటిలాగే కిందికి వచ్చాయి. ఆయన చీటీలు తెంపాడు. అందులో భార్యది ఏదో ఆయనకు తెలియదు.

రెండింటికి షిఫ్టు అయింది. పొద్దున రాని ఎండ మధ్యాహ్నమూ రాలేదు; నాలుగు చినుకులు కూడా పడ్డాయి. ఇంటికి వచ్చేసరికి దుప్పటి తీగె మీదే ఉంది, మళ్లీ తడిసి.

కూతురు రొట్టె, గుడ్డు బల్ల మీద పెట్టింది. పాప కళ్లు మూసుకుని చేతులు కలిపింది. పెదాలు కదలలేదు. చాలాసేపు అలాగే ఉంది. చివరికి ఒక కన్ను తెరిచి గుడ్డు ఉందో లేదో చూసుకుని మళ్లీ మూసింది.

"పైకి చెప్పవా తల్లీ?" అన్నాడాయన.

"దేవుడి చెవి దగ్గరే ఉంటుందంట తాతయ్యా. అరవక్కర్లేదంట. అమ్మ చెప్పింది."

"నేను అలా అనలేదు" అంది కూతురు. "నీకు ఇష్టమైతే పైకి చెప్పుకో అన్నా."

"నాకు ఇష్టం లేదు" అని పాప గుడ్డు అందుకుంది.

కంచాలన్నీ వెల్లకిలానే ఉన్నాయి. ఈ ఇంట్లో కూతురు ఉన్న నాలుగు రోజులూ ఒక్క కంచమూ బోర్లించలేదు. పాప ఒక్క పూటా ప్రార్థన మరవలేదు.

తిన్నాక కూతురు సంచి సర్దింది. ఆయన అలమరలోంచి భార్య శాలువా తెచ్చి ఇచ్చాడు. కూతురు దాన్ని చేతిలోకి తీసుకుంది, అంచు సరిచేసింది, తిరిగి ఇచ్చేసింది.

"నీ దగ్గరే ఉండనీ నాన్నా."

"చలికి పనికొస్తుందని."

"నాకుంది." అని బయటికి చూసింది. "ఆ దుప్పటి ఆరేట్టు లేదు. పాపది. ఇక్కడే ఉంచు. ఈసారి వచ్చినప్పుడు పనికొస్తుంది."

బస్టాండుకు నడిచే పోయారు. సంచి ఆయన పట్టుకున్నాడు. పాప ముందు గెంతుతూ పోయింది. దారి పొడుగునా ఆయన ఒక వాక్యం కూర్చుకున్నాడు. కూర్చిన వాక్యం మలుపు తిరిగేసరికి చెదిరిపోయింది. మళ్లీ కూర్చాడు. ఆదివారం మందిరంలో లేచి, సాక్ష్యానికి బదులు జరిగిందంతా చెప్పేస్తే ఎలా ఉంటుందని కూడా ఆలోచించాడు. అలా ఆలోచిస్తే గుండె కాస్త తేలికైంది. ఆ తేలిక ఎక్కడిదో ఆయన పరీక్షించుకోలేదు.

బస్సు వచ్చి నిలబడింది. డ్రైవరు గుడ్డతో అద్దం తుడుస్తున్నాడు. ఇంకా పది నిమిషాలు. పాప బస్సు చక్రాల నట్లు లెక్కపెడతానని పోయింది. ఇద్దరూ సిమెంటు బల్ల మీద కూర్చున్నారు.

"అమ్మా."

"ఊఁ."

"ఆ చీటీ అమ్మ రాయలేదు."

కూతురు ఏ చీటీ అని అడగలేదు. పాప వైపే చూస్తోంది.

"అమ్మ నాకు చెప్పింది. ఎక్కడా అనొద్దంది. నేను రాశాను. పెట్టెలో వేసిందీ నేనే."

డ్రైవరు గుడ్డ పిండి మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

"రాసినట్టు అమ్మకు తెలుసా?" అంది కూతురు.

"చదివినప్పుడే తెలిసింది."

"మరి తప్పయిపోయింది అందే."

"అంది."

"నువ్వు అక్కడే ఉన్నావు."

"ఉన్నాను. బూట్లు విప్పుకుంటున్నాను."

పాప అక్కడినుంచి "ఎనిమిది" అని అరిచింది. కూతురు చెయ్యెత్తి విన్నానన్నట్టు ఊపింది.

"ఇంకొకటి" అన్నాడాయన. "నువ్వు వంటింట్లో నేల మీద..."

"టోపీ కోసం వచ్చావు" అంది కూతురు. "మెలకువగానే ఉన్నా."

ఆయన తల తిప్పి ఆమెను చూశాడు. ఆమె చూడలేదు.

"ఏదో ఒకటి అంటావని చూశా. తిట్టినా సరే అనుకున్నా. తలుపు మెల్లగా వేసుకుని వెళ్లిపోయావు. నాన్నకు కూడా నేనంటే సిగ్గేసింది అనుకున్నా."

"నిన్ను చూసి కాదమ్మా, నన్ను చూసుకునే..." ఆ వాక్యం పూర్తి కాలేదు. ఆయన, "తప్పయిపోయిందమ్మా" అన్నాడు. అన్నాక, ఆ మాట తనది కాదని ఆయనకే తెలిసింది.

"ఆ మాట అమ్మ ఎప్పుడో చెప్పేసింది నాన్నా."

కండక్టరు ఈల వేశాడు. కూతురు లేవలేదు.

"ఆసుపత్రిలో అమ్మ అడిగింది, ఒక్కసారి పైకి ప్రార్థన చెయ్యమని."

"విన్నాను."

"నేను చెయ్యలేదు." ఆమె రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని వాటినే చూస్తోంది. "అడిగింది అంతే. అదొక్కటే అడిగింది."



ఆమె లేచి సంచి అందుకుంది. రెండడుగులు వేసి ఆగింది.

"ఆదివారం మందిరంలో లేచి ఇది కూడా చెప్తావా?"

దారిలో తేలికైన గుండె ఆయనకు గుర్తొచ్చింది.

"చెప్పను."

"చెప్పకు. ఇది నాది."

పాప పరుగెత్తుకొచ్చి ఆయన నడుము కౌగిలించుకుని, కిటికీ పక్క సీటు కోసం తల్లికన్నా ముందు ఎక్కింది. కూతురు ఎక్కింది. "చేరగానే ఫోను చేస్తావా?" అన్నాడు కిందినుంచి. "పాపతో చేయిస్తా" అంది. అద్దం బిగుసుకుపోయి ఉంటే రెండు చేతులతో పైకి నెట్టి, పాప ముక్కు గాలికి అందేలా చేసింది. బస్సు కదిలింది. పాప చెయ్యి మలుపు దాకా కనిపించింది. ఆ పక్కన కూతురు ముందుకు వంగి, ముఖం చేతుల్లో పెట్టుకుని ఉంది. ప్రార్థన చేస్తోందో ఏడుస్తోందో ఇక్కడినుంచి తెలియదు. రెండూ ఆమె చప్పుడు లేకుండానే చేస్తుంది.

ఇంటికి పోయే దారిలోనే మందిరం. పాస్టరుగారు గుమ్మంలో కుర్చీలు దింపిస్తున్నారు. తలుపు పక్కన పెట్టె అక్కడే ఉంది. కొత్తగా రంగు వేశారు.

"రండి అంకుల్. కాగితం తెచ్చారా?"

"నా పేరు తీసేయండి అయ్యగారూ."

"అయ్యో, ఏమైందండీ? ఒంట్లో బాగోలేదా? ప్రార్థన అంశంగా పెట్టమంటారా?"

"వద్దు." ఆయన గొంతు ఆయన అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. తగ్గించి చెప్పాడు. "మా అమ్మాయి సాక్ష్యం ఇక ఎవరూ చెప్పొద్దండీ. క్లాసుల్లో కూడా. అది నిజం కాదు. ఇంతకుమించి అడక్కండి."

కుర్రాయన కుర్చీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "అలాగేనండీ" అన్నాడు చివరికి.

ఆయన ఇల్లు చేరేసరికి వెలుగు పల్చబడింది. గేటు తీసి దుప్పటి దగ్గరికి పోయాడు. రెండు కొసలు పట్టుకుని, అలవాటు కొద్దీ, ఎదుటి కొసలు అందుకునే చేతుల కోసం తలెత్తాడు. వీధి కనిపించింది. కొసలు వదిలేశాడు.

ఎదురింటాయన నడకకు వెళ్తూ గోడ దగ్గర ఆగాడు. "పాప పక్క తడిపిందాండీ?" అన్నాడు నవ్వుతూ.

"తడిసింది" అన్నాడాయన. "ఆరుతుంది."

ఎదురింటాయన వెళ్లిపోయాడు. ఆయన పోయి గుమ్మం మీద కూర్చుని బూట్లు విప్పుకున్నాడు, ఈసారి వీధి వైపు తిరిగి. తీగె మీద పిల్లదుప్పటి, నీలం గీతల అంచుతో, గాలికి ఒకసారి లేచి మళ్లీ వాలింది. కింది అంచు, జానెడు మేర, ఇంకా తడిగానే ఉంది.